చిప్ కోసం ఆగారు, మోచేతులు బిగుసుకుపోయాయి

"మేడమ్, మెదడులో చిప్ పెడితే మావాడు లేచి నడుస్తాడంట కదా?"

తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఈ ప్రశ్న వినబడని వారం లేదు. 2024 జనవరిలో ఇలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ తొలిసారి ఒక మనిషికి చిప్ అమర్చినప్పటి నుంచి వాట్సాప్ వీడియోలకు అంతే లేదు.

అపోహ: చిప్ పెడితే చచ్చుబడిన కాళ్లూ చేతులూ లేస్తాయి.

వాస్తవం: ఆ చిప్ తెగిన నరాన్ని అతికించదు. చెయ్యి కదపాలని మనిషి అనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాలను పట్టుకుని కంప్యూటర్‌కు అందిస్తుంది. తొలి చిప్ పెట్టించుకున్న నోలండ్ ఆర్బా దానితో చదరంగం ఆడాడు. చేతులు మాత్రం కదల్లేదు. కొన్ని వారాలకే మెదడులోకి దించిన సన్నటి దారాల్లో కొన్ని వెనక్కి జారితే, సాఫ్ట్‌వేర్ మార్చి సర్దారు.

"2023లో స్విట్జర్లాండ్‌లో ఒకాయన నడిచాడు కదా" అంటారు. నిజమే. మెదడు సంకేతాలను ఆయన వెన్నుపాము కింది భాగానికి చేరవేశారు. అయితే ఆయన వెన్నుపాము పూర్తిగా తెగలేదు. పరికరం పెట్టాక కూడా 40 సెషన్లు వ్యాయామం చేయించారు.

చంద్రగిరి వైపు నుంచి ఒక అబ్బాయిని తెచ్చేవారు. బైక్ ప్రమాదంలో మెడ దగ్గర దెబ్బ తగిలింది. మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే దగ్గరకొస్తాయి. ఆ కాస్త పట్టుతోనే చెంచా పట్టుకుని పెరుగన్నం తినడం నేర్చుకున్నాడు. ఎవరో చిప్ గురించి చెప్పారు. "వాడికెందుకు ఈ నొప్పి, అదొచ్చాక చూద్దాం" అని వాళ్ల నాయన ఆరు నెలలు మాన్పించేశాడు. మళ్లీ వచ్చేసరికి రెండు మోచేతులూ మడిచినట్టే బిగుసుకుపోయాయి. చొక్కా విప్పడానికి వాళ్లమ్మకు పావుగంట పట్టింది. నడుము కింద రూపాయి బిళ్లంత పుండు.

"నేనే చెడగొట్టుకున్నానా మేడమ్?" అని ఆయన ఏడ్చాడు. బిడ్డ నొప్పి చూడలేక ఆపిన తండ్రిని ఏమనగలం? ఆ వీడియోలు పంపేవాళ్ల మీదే నా కోపం.

చిప్ మనసులోని మాటలన్నీ చదివేస్తుందన్నది ఇంకో పుకారు. ప్రధానంగా కదలాలని, మాట్లాడాలని చేసే ప్రయత్నాన్నే అది గుర్తిస్తుంది, అదీ ఆ మనిషితో సాధన చేయించాక. మెదడు సంకేతాలు చదువుతాయంటూ పిల్లల జ్ఞాపకశక్తికని అమ్మే, తలకు పెట్టుకునే బ్యాండ్లు కొనకండి. పుర్రె దాటి వచ్చేసరికి సంకేతం బాగా బలహీనపడుతుంది.

ఆశ లేదని నేననను. ఏఎల్ఎస్‌తో (కండరాలను కదిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) మాట పోయిన ఒక అమెరికన్ పలకబోయిన పదాలను 97 శాతం దాకా సరిగ్గా పట్టి, కంప్యూటర్ ఆయన పాత గొంతుతోనే పలికిందని 2024లో ప్రకటించారు. అది చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కానీ ఇవన్నీ ఇంకా పరిశోధనలే. ఈ రోజు మీ ఇంట్లో జరగాల్సింది వేరే: పుండ్లు పడకుండా మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, రోజూ ప్రతి కీలునూ మెల్లగా కదపడం.

ఆ అబ్బాయి ఇప్పుడు మళ్లీ వస్తున్నాడు. పుండు మానింది. మోచెయ్యి కొంచెం చాపుతున్నాడు. చెంచా ఇంకా కంచం దాకా అందడం లేదు.