గొర్రెలు లేకుండా కాపరి కుక్కకు శిక్షణ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు గొర్రెలు కాసే జాతి కుక్కలైన బోర్డర్ కోలీలు బాగానే కనిపిస్తున్నాయి. జర్మన్ షెపర్డ్‌లైతే ఎప్పటి నుంచో ఉన్నాయి. వీటికి శిక్షణ ఇచ్చేవాడిగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: మంద లేకపోతే ఈ కుక్కకు పని నేర్పలేం.

వాస్తవం: ఒళ్లు వంచి, రెప్ప వేయకుండా చూస్తూ పొంచి నడవడం, మంద చుట్టూ తిరిగి రావడం కోలీకి పుట్టుకతోనే వస్తాయి. అవి తోడేలు వేటలోని మొదటి మెట్లు. కరిచి చంపే చివరి మెట్టును మనుషులు తరతరాలుగా ఏరి పెంచుతూ తగ్గించేశారు. కాబట్టి మనం నేర్పాల్సింది తరమడం కాదు, ఆగడం. పరుగు మధ్యలో 'డౌన్' అంటే ఉన్నచోటే పడుకోవాలి. 'దట్‌ల్ డూ' అంటే పని వదిలి మన దగ్గరికి వచ్చేయాలి. ఈ రెండూ నేర్పడానికి ఒక్క గొర్రె కూడా అక్కర్లేదు.

ఖాళీ పార్కింగ్‌లో ఒక బకెట్ బోర్లించండి. పొడవాటి తాడు కట్టిన కుక్కను దాని చుట్టూ తిప్పండి. గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తుంటే 'కమ్ బై', ఎదురు వైపైతే 'అవే'. మాట ముందు, కదలిక తర్వాత. కుక్క బకెట్‌కు అవతల, సరిగ్గా మీకు ఎదురుగా వచ్చినప్పుడు 'డౌన్' చెప్పండి. రేపు మంద దొరికినా అది నిలబడాల్సిన చోటు అదే. అలవాటయ్యాక వలయం పెంచండి.

జర్మన్ షెపర్డ్ పని వేరు. జర్మనీలో అది మేత పొలం అంచు వెంట అటూ ఇటూ నడుస్తూ, గొర్రెలు పక్క పంటలోకి పోకుండా కదిలే కంచెలా కాపలా కాసేది. దానికి పార్కింగ్‌లోని పసుపు గీత చాలు. గీత దాటకుండా నడిపించండి, చివర ఆపి వెనక్కి తిప్పండి.

అపోహ: బంతి విసిరి అలసిపోయేదాకా పరిగెత్తిస్తే శాంతిస్తుంది.

వాస్తవం: స్టామినా పెరుగుతుంది, ఆత్రమూ పెరుగుతుంది. బంతినే వాడాలంటే జర్మనీలో మొదలైన ట్రైబాల్ మేలు. 8 పెద్ద జిమ్ బంతులను ఒక్కొక్కటిగా, మనం చెప్పిన వరసలో, ముక్కుతో నెట్టి గోల్‌లోకి చేర్చాలి. ఇంట్లో ఒక్క బంతితో మొదలుపెట్టొచ్చు. లేజర్ లైట్ మాత్రం వద్దే వద్దు. దొరకని వెలుగు వెంట పడే పిచ్చి పట్టుకుంటే మాన్పించడం చాలా కష్టం.

అపోహ: బైకుల వెంట పడటం, పిల్లల మడమలు పట్టడం కూడా ప్రాక్టీసే.

వాస్తవం: కాదు. అదుపు లేని తరుముడు అది. మొదటి రోజే ఆపండి.

అపోహ: తెలంగాణలో గొర్రెలకేం కొదవ? ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఏదో మందలో వదిలి చూద్దాం.

వాస్తవం: 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం మనదే, సుమారు 1.9 కోట్లు. కానీ ఆ మంద ఒక కుటుంబానికి బతుకుతెరువు. కొత్త కుక్కను చూసి బెదిరితే గొర్రెలు రోడ్డెక్కుతాయి, చూడి గొర్రెలకు గర్భస్రావం కావచ్చు. కాపరి మొహమాటానికి సరే అన్నా దయచేసి వదలొద్దు. కొత్త కుక్కకు పని నేర్పాలంటే కుక్కలకు అలవాటుపడిన గొర్రెలు కావాలి, పక్కన తెలిసిన శిక్షకుడుండాలి.

అపోహ: ఎండాకాలం బొచ్చు గొరిగించి బయట శిక్షణ ఇస్తే సరి.

వాస్తవం: రెండు పొరల ఆ బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. గొరిగించకండి, రోజూ దువ్వండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే పని ముగించండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద కొన్ని సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే ఆ రోజు పాఠం హాల్లో ఫ్యాన్ కిందే, ఐదేసి నిమిషాలు.