కరెంటు పోతే తెలుస్తుంది: అక్వేరియం సంపు పైపులపై అపోహలు - వాస్తవాలు

హాల్లో నాలుగడుగుల అక్వేరియం, దాని కింద క్యాబినెట్‌లో సంపు. సంపు అంటే ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ల సంపు కాదండోయ్, ఫిల్టర్ సామాను పెట్టుకునే చిన్న గాజు తొట్టి. ఒక పైపులో (డ్రెయిన్) నీళ్లు కిందికి దిగుతాయి, ఫిల్టర్ దాటి పంపు గదిలోకి వస్తాయి, పంపు వాటిని ఇంకో పైపులో (రిటర్న్) మళ్లీ పైకి తోస్తుంది. ఇవి బిగించడమే నా పని, ఎక్కువగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో. చేపల జబ్బుల తర్వాత నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది ఈ రెండు పైపుల గురించే.

అపోహ: రిటర్న్ పైపుకి ఎన్‌ఆర్‌వీ (నీళ్లని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్) పెట్టేస్తే నీళ్లు వెనక్కి రావు.

ఇది నేనూ నమ్మినవాణ్నే. కొన్నేళ్ల కిందట ఓ రాత్రి పదకొండు దాటాక ఫోన్. "సార్, కరెంటు పోయింది, క్యాబినెట్‌లోంచి నీళ్లు కారుతున్నాయి. కింద ఫ్లాట్ ఆంటీ వచ్చి తలుపు కొడుతున్నారు!" ఆ ఎన్‌ఆర్‌వీ బిగించింది నేనే. వెళ్లి విప్పి చూస్తే లోపలి మూతకీ అంచుకీ మధ్య కందిగింజంత నత్త ఇరుక్కుని ఉంది. మూత పడలేదు, అంతే.

పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్‌లా మారి పైనున్న నీళ్లను కిందికి లాగుతుంది. పైపు మూతి బయటపడి గాలి పీల్చుకునే దాకా ఆగదు. 120 × 45 సెంటీమీటర్ల ట్యాంకులో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు. ఆ ఇంట్లో మూతి నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉంది. అంటే 54 లీటర్లు. కింద 90 × 30 సంపులో ఆ నీళ్లు పట్టాలంటే 20 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. సంపు అప్పటికే సగం పైగా నిండి ఉంది.

వాస్తవం ఏంటంటే, ఎన్‌ఆర్‌వీ లేదనుకునే లెక్క వేసుకోవాలి. పైపు మూతిని నీటిమట్టం కింద 2 సెంటీమీటర్ల లోతు లోపే పెడితే దిగేది దాదాపు 11 లీటర్లు, పైపుల్లో, ఓవర్‌ఫ్లో బాక్స్‌లో (ట్యాంకు నీళ్లు పొంగి డ్రెయిన్‌లోకి దిగే పెట్టె) నిలిచిన కాసిని నీళ్లు అదనం. ఆ ఖాళీ సంపులో ఎప్పుడూ ఉండాలి. పైపుకి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెట్టి గాలి పీల్పించే పద్ధతీ ఉంది, మంచిదే. కానీ పాచి పడితే అదీ మూసుకుపోతుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఎన్‌ఆర్‌వీ మూత మీద సున్నం తెల్లగా పేరుకుపోవడం చూస్తూనే ఉంటాను. ఎన్‌ఆర్‌వీ పెట్టుకోండి, వద్దనను. దాని మీద ఇల్లు వదిలి ఊరెళ్లకండి.

అపోహ: డ్రెయిన్‌కి ఒక లావుపాటి పైపు చాలు.

లావు పైపులో నీళ్లూ గాలీ కలిసి దిగుతాయి, అందుకే బాత్రూమ్ ఫ్లష్ కొట్టినట్టు గుర్రుమంటుంది. పైన ‘T’ ఆకారపు జాయింటు పెట్టి, దాని మూతకి చిన్న గాలి బెజ్జం చేసి ఆ మోత తగ్గించే ఏర్పాటుని డర్సో పైపు అంటారు. చిన్న ట్యాంకులకి అది చాలు. కానీ ఒకే పైపు ఉన్నప్పుడు ఓ ఆకో, చచ్చిన చేపో అడ్డం పడితే ఏమవుతుంది? పంపుకి ఆ సంగతి తెలీదు, పైకి తోస్తూనే ఉంటుంది.

నాకు నచ్చింది హెర్బీ పద్ధతి. రెండు పైపులు. మొదటిది పూర్తిగా నీళ్లతో నిండి సైఫన్‌లా పనిచేస్తుంది, గాలి లేదు కాబట్టి చప్పుడూ లేదు. అదే సైజులో డర్సో కంటే చాలా ఎక్కువ నీళ్లు లాగుతుంది. దాని కింద గేట్ వాల్వ్ (చాలా తిప్పులు తిప్పితే కొంచెం కొంచెంగా తెరుచుకునేది) పెట్టి ప్రవాహం సరిచేసుకోవాలి. బాల్ వాల్వ్‌తో కుదరదు, పావు తిప్పులో మొత్తం తెరుచుకుంటుంది కాబట్టి సన్నగా సర్దలేం. రెండో పైపు కాస్త ఎత్తులో మామూలుగా ఖాళీగా ఉంటుంది. మొదటిది మూసుకుపోతే నీళ్లు దీంట్లోంచి దిగుతాయి. దీనికి వాల్వ్ పెట్టకూడదు. ఒకాయన ఇంట్లో ప్లంబర్ "ఎందుకైనా మంచిది" అని దీనికీ ఒకటి పెట్టి, మూసేసి వెళ్లాడు!

సైఫన్ పైపు కింది మూతి సంపు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు మునిగితే చాలు. అడుగు దాకా దింపితే లోపలి గాలి బయటికి పోలేక సైఫన్ మొదలవదు. కరెంటు వచ్చాక ఒకటి రెండు నిమిషాలు గలగలలాడటం మాత్రం మామూలే, టెన్షన్ పడొద్దు.

ఇంకో లెక్క ఎవరూ వేయరు. రెండు డ్రెయిన్ పైపులూ మూసుకుపోయాయనుకోండి. పంపు గదిలో నీళ్లన్నీ పైకెక్కినా ట్యాంకు పొర్లకూడదు. గది 30 × 20 సెంటీమీటర్లు, నీళ్లు 20 సెంటీమీటర్లు ఉంటే 12 లీటర్లు. పైన అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు. ట్యాంకు అంచు దగ్గర మూడు సెంటీమీటర్లు వదిలితే గండం గడిచినట్టే. పంపు గది పెద్దదైతే ఈ ధీమా ఉండదు.

అపోహ: పంపు డబ్బా మీద 3000 అని ఉంటే గంటకి 3000 లీటర్లు వస్తాయి.

ఆ అంకె నీళ్లని అసలు పైకెత్తనప్పటిది. సంపు నుంచి ట్యాంకు పై అంచు దాకా ఒకటిన్నర మీటరు ఎత్తు, మధ్యలో నాలుగు ఎల్బోలు (వంపు జాయింట్లు), ఒక ఎన్‌ఆర్‌వీ ఉన్నాయంటే సగం వచ్చినా సంతోషించాలి. డబ్బా మీద ఎత్తుకీ ప్రవాహానికీ గీసిన గ్రాఫ్ ఉంటే అది చూసి కొనండి. అలాగని పెద్ద పంపు తెచ్చి వాల్వ్‌తో నొక్కడమూ అనవసరం. మంచినీటి చేపలకి గంటకి ట్యాంకు నీళ్లు మూడు నుంచి అయిదు సార్లు తిరిగితే సరిపోతుంది. మోత, కరెంటు బిల్లు రెండూ తగ్గుతాయి.

అపోహ: 1 అంగుళం పైపంటే ఏ షాపులోనైనా 1 అంగుళమే.

హార్డ్‌వేర్ షాపులో "ఒకించి పైపు" అంటే మూడు రకాలు చేతిలో పెట్టొచ్చు. తెల్ల యూపీవీసీ బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు. పొలాలకి వాడే బూడిదరంగు పైపు 32. లేత పసుపు సీపీవీసీ 28.6. బూడిదరంగు పైపు తెల్ల ఎల్బోలో దూరుతుంది, సొల్యూషన్ (పైపులు అంటించే గమ్ము) రాస్తే అంటుకున్నట్టే ఉంటుంది, నెల తర్వాత చెమ్మగిల్లుతుంది. పైపు, ఎల్బో, ట్యాంక్ నిపుల్ (గాజు రంధ్రంలో బిగించి పైపు తగిలించే మర జాయింటు) ఒకే రకంవి, ఒకే షాపులో తీసుకోండి. సొల్యూషన్ రాయకముందు పొడిగా దూర్చి చూడండి. సగం దాకా బిగుతుగా వెళ్లి ఆగాలి, వదులుగా ఊగితే వద్దు.

అపోహ: సొల్యూషన్ గమ్ము చేపల్ని చంపుతుంది.

ఒక రోజంతా ఆరనిచ్చి, నీళ్లు ఓసారి తిప్పి పారబోస్తే ఏమీ కాదు. భయపడాల్సింది ఇత్తడి వాల్వులకి. వాటిలోని రాగి నీళ్లలో కలిస్తే ముందు రొయ్యలు, నత్తలు పోతాయి.

అపోహ: గాజుకి రంధ్రం పెడితే పగులుతుంది.

మామూలు గాజుకి, అంచుకి దూరంగా, డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ నెమ్మదిగా చేస్తే పగలదు. టఫెండ్ (వేడితో గట్టిపరిచిన) గాజు మాత్రం బిట్ కొరకగానే మొత్తం పలుకులైపోతుంది. కొన్ని రెడీమేడ్ ట్యాంకుల అడుగు టఫెండే ఉంటుంది, ముందే అడగండి. రంధ్రం సైజు పైపుని బట్టి కాదు, ట్యాంక్ నిపుల్ మరని కొలిచి పెట్టాలి. రబ్బరు వాషర్ నీళ్లున్న వైపు రావాలి.

ఇప్పుడు నేను ఏ ఇంట్లోనైనా పని అయ్యాక చేపల్ని వేయనివ్వను. ముందు పంపు స్విచ్ ఆపేస్తాను. ఎన్‌ఆర్‌వీ ఉంటే విప్పేసి మరీ. నీళ్లన్నీ దిగి సంపు నిలకడ అయ్యాక ఇంటివాళ్ల చేతే మార్కర్ పెన్‌తో గాజు మీద గీత గీయిస్తాను. మళ్లీ పంపు వేశాక, పంపు గదిలో మట్టం నిలిచిన చోట రెండో గీత. నీళ్లు పోసేటప్పుడు పంపు నడుస్తుండాలి, ఆ రెండో గీత దాటకూడదు. వేసవిలో నీళ్లు ఆవిరై మట్టం తగ్గేది పంపు గదిలోనే కాబట్టి రోజూ చూడాల్సిందీ దాన్నే.