సశేషం: ఇద్దరు రీసెర్చ్ విద్యార్థినుల కథ

విజయవాడలో మా సందు చివర ఒక టిఫిన్ హోటల్ ఉంది. అక్కడ ఒక పెద్దాయన సర్వరు. పేరేమిటో ఎవరికీ తెలీదు, అందరూ బాబాయ్ అంటారు. ఆయన చేతిలో కాగితం ఉండదు, చెవి మీద పెన్ను ఉండదు. ఐదారు టేబుళ్ళు తిరిగొచ్చి వంటింటి కిటికీలో తలపెట్టి "రెండు ప్లేటిడ్లీ, ఒక పెసరట్టుప్మా, పూరీ ఒకటి, ఒక ఇడ్లీ కారప్పొడి నెయ్యి" అని గడగడా అప్పజెప్పేస్తాడు. తిన్నాక బిల్లు కూడా నోటితోనే, కౌంటర్లో ఉన్నాయనకి వినబడేలా ఒక్క కేక.

మొన్న ఆదివారం డబ్బులు కట్టేశాక బయట కాఫీ తాగుతూ ఓ అరగంట కాలక్షేపం చేసి, మళ్ళీ లోపలికెళ్ళి అడిగాను. "బాబాయ్, ఇందాక నేనేం తిన్నానో చెప్పు చూద్దాం."

సైకాలజీ లెక్క ప్రకారం ఆయన మర్చిపోయి ఉండాలి. ఎందుకంటే నా పని అయిపోయింది, బిల్లు తెగిపోయింది. అయిపోయిన పని బుర్రలోంచి పోతుంది, సగంలో ఆగిన పని మాత్రం వదలకుండా వేధిస్తుంది అని, మోటివేషన్ వీడియోలు చూసే అలవాటున్న ప్రతివాళ్ళకీ తెలుసు. దాన్నే జైగార్నిక్ ఎఫెక్ట్ అంటారు. వారపత్రిక సీరియల్ సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆపి కింద "సశేషం" అని వేసేది ఇందుకేనని చెబుతారు. టీవీ సీరియల్లో అత్తగారి మొహం మీద మూడుసార్లు ఉరుము ఉరిమి ఎపిసోడ్ అయిపోయేదీ ఇందుకేనట.

బాబాయ్ నా మొహం చూసి "మీరాండీ? పెసరట్టుప్మా. అల్లం చట్నీ మూడుసార్లు వేయించుకున్నారు కదా" అన్నాడు.

సరే, ఒక్క మనిషితో సైన్సు తేలదు. కానీ ఈ ఎఫెక్ట్ కథ కూడా ఒక సర్వరుతోనే మొదలైంది కాబట్టి, అసలేం జరిగిందో చెప్పుకుందాం.

1920ల బెర్లిన్. అక్కడి విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగాన్ని, చక్రవర్తి దిగిపోయాక ఖాళీ అయిన రాజభవనంలో పెట్టారు. అందులో కర్ట్ లెవిన్ అనే కుర్ర అధ్యాపకుడి చుట్టూ ఎప్పుడూ రీసెర్చ్ విద్యార్థులు గుంపుగా ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఆడపిల్లలు, అందులోనూ రష్యా వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ రోజుల్లో ఒక సైన్సు ల్యాబ్‌లో ఇది మామూలు విషయం కాదు. బాకూలో పుట్టిన తమారా డెంబో మనుషులకి కోపం ఎలా వస్తుందో చూడటానికి, వాళ్ళకి సాధ్యం కాని పనులిచ్చి పక్కన కూర్చుని విసిగించేది (థీసిస్ కోసం జనాల్ని తిట్టించుకోవడమంటే ఇదే). లిథువేనియాలోని ప్రీనాయ్ అనే ఊరమ్మాయి బ్లూమా జైగార్నిక్. సైబీరియాలోని చిటా నుంచి వచ్చినమ్మాయి మరియా ఒవ్స్యాంకినా. ఈ వ్యాసం చివరి ఇద్దరి గురించి.

విభాగానికి ఎదురుగా ఒక కేఫ్ ఉండేది. లెవిన్ బృందం గంటల తరబడి అక్కడే కబుర్లు. ఆ కబుర్ల సభకి వాళ్ళు పెట్టుకున్న జర్మన్ పేరుని మన భాషలో చెప్పాలంటే వాగుడుకాయ అనొచ్చు. ఆ గుంపులో తిరిగిన ఒక విద్యార్థి చాలా ఏళ్ళ తర్వాత ఇలా గుర్తు చేసుకున్నాడు: అందరూ తలా ఒకటీ చెప్పి, మళ్ళీ మళ్ళీ తెప్పించుకుని తాగారు, తిన్నారు. సర్వరు ఏమీ రాసుకోకుండానే చివర్లో లెక్క కచ్చితంగా చెప్పాడు. డబ్బులిచ్చేశారు. అరగంట తర్వాత లెవిన్ ఆయన్నే పిలిచి, ఆ బిల్లు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. సర్వరుకి ఒళ్ళు మండింది. మీరు డబ్బు కట్టేశారుగా, ఇంకా నాకెలా గుర్తుంటుంది అన్నాడట.

లెవిన్ దీన్ని తన సిద్ధాంతంలోకి లాక్కున్నాడు. ఏదైనా పని చెయ్యాలని మనసులో అనుకున్న క్షణం నుంచి లోపల ఒక బిగువు ఏర్పడుతుంది, పని పూర్తయితే అది సడలిపోతుంది, పూర్తి కాకపోతే అలాగే లాగిపట్టి ఉంటుంది, ఇదీ ఆయన వాదన. ఆయన వాడిన జర్మన్ మాటకి ఇంగ్లీషులో వచ్చిన అనువాదం ఏమిటనుకున్నారు? టెన్షన్. పెళ్ళిపనుల నుంచి ఎంట్రన్స్ పరీక్షల దాకా మనం రోజుకి పదిసార్లు వాడే మాటే. పని అయ్యేదాకా టెన్షన్, అయ్యాక హమ్మయ్య. మన అమ్మమ్మలకి ఈ సిద్ధాంతం చెబితే, ఇందులో కొత్తేముంది అనేవాళ్ళు.

కొత్త ఏమిటంటే, దాన్ని కొలవడం. అది బ్లూమా నెత్తిన పడింది.

ఒక్కొక్కరినీ పిలిచి, 18 నుంచి 22 దాకా చిన్న చిన్న పనులు ఇచ్చింది. మట్టితో బొమ్మ చెయ్యడం, పూసలు గుచ్చడం, అట్టపెట్టె కట్టడం, లెక్కలు, పజిళ్ళు, అలాంటివి. అందులో సగం పనులు పూర్తి చెయ్యనిచ్చేది. మిగతా సగం, మనిషి బాగా లీనమై బొమ్మకి ముక్కు పెడుతున్నాడనగా, ఇక చాలు, ఇది చెయ్యండి అని ఇంకో పని చేతిలో పెట్టేది. ఏ పని ఆపుతుందో ముందుగా పసిగట్టకుండా వరస కలిపేసేది. అన్నీ అయ్యాక, ఇప్పటిదాకా ఏమేం చేశారో చెప్పండి అని అడిగేది. అంతే ప్రయోగం. మొదటి విడతలో 32 మందిలో 26 మందికి ఆగిపోయిన పనులే ఎక్కువ గుర్తొచ్చాయి. సగటున పూర్తయిన ఒక పనికి పూర్తికానివి 1.9 గుర్తొచ్చాయి. వీడియోల్లో "90 శాతం ఎక్కువ" అని ఊదరగొట్టే అంకె ఇక్కడిదే. పెద్దలు, పిల్లలు, గుంపులుగా, విడివిడిగా, అందరూ కలిపి 164 మంది. 1927లో అచ్చయిన ఆ పత్రం 85 పేజీలు. ఇప్పటి జర్నల్ ఎడిటర్లు చూస్తే గుండె ఆగుతుంది.

ఆ 85 పేజీల్లో బ్లూమా రాసిన షరతులు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. పనిని పంతంగా తీసుకున్నవాళ్ళలో తేడా బాగా ఎక్కువ. ఏదో చెయ్యమన్నారు కదా అని చేసినవాళ్ళలో తక్కువ. అలిసిపోయి ఉన్నవాళ్ళలో అసలు తిరగబడింది. అంటే ఆమె చెప్పింది "మనిషి మెదడు సగంలో ఆగిన పనుల్ని మర్చిపోదు" అని కాదు. ఆ పని నాది అనుకుంటే, ఆ క్షణానికి అది లాగుతుంది అని. షరతులు రాలిపోయి సూత్రం ఒక్కటే మిగలడం థీసిస్‌లకి పట్టే సాధారణ గతి.

తర్వాత కథ కాస్త ఇబ్బందికరం. 1943లో సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ ఇలాంటి ప్రయోగమే రెండు రకాలుగా చేశాడు. ఊరికే సరదాగా చెయ్యండి అన్నప్పుడు ఆగిపోయినవి ఎక్కువ గుర్తున్నాయి. ఇది మీ తెలివికి పరీక్ష అన్నప్పుడు, అదే మనుషుల్లాంటి మనుషులకి పూర్తి చేసినవే గుర్తున్నాయి. ఆలోచిస్తే అర్థమవుతుంది. తప్పిన ప్రశ్నల్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలనుకుంటారు? పరీక్ష హాల్లోంచి బయటికొచ్చినవాణ్ణి అడగండి, వచ్చిన ప్రశ్నల గురించే చెబుతాడు. 1968లో నెదర్లాండ్స్‌కి చెందిన ఆనీ వాన్ బెర్గెన్ జాగ్రత్తగా మళ్ళీ మళ్ళీ చేసి చూసి, ఒక పుస్తకం నిండా రాసిన విషయం ఒకటే: ఎఫెక్ట్ కనబడలేదు.

పుస్తకం వచ్చింది, పాఠ్యపుస్తకాలు మారలేదు. కారణం నాకు తెలిసినంతవరకు సర్వరే. అంకెలకి జవాబు అంకెలతో చెప్పొచ్చు, కథకి మాత్రం చెప్పలేం. నాకు కూడా బీఏలో ఈ ఎఫెక్ట్ చెప్పినప్పుడు మాష్టారు బోర్డు మీద అంకె ఒక్కటీ వెయ్యలేదు, సర్వరు కథ చెప్పారు, ఇరవై ఏళ్ళయినా నేను మర్చిపోలేదు.

ఇప్పుడు మరియా దగ్గరికి వద్దాం. అదే గురువు, అవే గదులు, దాదాపు అవే పనులు. కానీ ఆమె వేసిన ప్రశ్న వేరు. గుర్తుందా అని అడగలేదు. అసలు ఏమీ అడగలేదు. పని మధ్యలో ఆపించి, వేరే పని చేయించి, అది కూడా అయ్యాక తను ఏదో పనిలో ఉన్నట్టు పక్కకి తిరిగేది. మనిషి ఖాళీగా కూర్చున్నాడు. ఎదురుగా సగం పజిల్. దాన్ని పూర్తి చెయ్యమని ఎవరూ చెప్పలేదు, పూర్తి చేస్తే వచ్చేది లేదు, పోయేది లేదు. కానీ కాసేపటికి చెయ్యి దానివైపు వెళ్ళింది. ఒకరిది కాదు, చాలామందిది. 1928లో ఆ ఫలితాలు బ్లూమా పత్రం వచ్చిన జర్నల్లోనే అచ్చయ్యాయి.

ఈ ప్రయోగం మన ఇళ్ళల్లో రోజూ జరుగుతుంది. మా అమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే ఫోనొస్తుంది. మాట్లాడి, గుమ్మం దగ్గర పాలవాడితో లెక్క చూసుకుని, వెనక్కొచ్చి కూర్చుంటుంది. ఏం చేస్తున్నావమ్మా ఇందాక అంటే ఒక్క క్షణం తడుముకుంటుందేమో కానీ, ఆ జవాబు వచ్చేలోపే చేతిలో కాయ ఉంటుంది. బుర్రలో మిగలడం వేరు, చెయ్యి వెనక్కి వెళ్ళడం వేరు. బ్లూమా కొలిచింది మొదటిది, మరియా కొలిచింది రెండోది.

2025లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇన్నేళ్ళుగా ఈ రెండింటి మీదా జరిగిన ప్రయోగాలన్నిటినీ పోగేసి లెక్కగట్టారు. పూర్తికాని పనులు ఎక్కువ గుర్తుంటాయన్నది మొత్తం మీద నిలబడలేదు. ఆగిన పనికి మనిషి తిరిగి వెళ్తాడన్నది నిలబడింది. దాదాపు వందేళ్ళు ఒక స్నేహితురాలి పేరు ప్రపంచమంతా తిరిగింది. పక్క స్నేహితురాలి పేరు సైకాలజీ చదివినవాళ్ళలోనూ చాలామందికి నోరు తిరగదు. ఆమె 1931లో అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో మానసిక రోగులతో పనిచేసి, తర్వాత ప్రొఫెసరుగా స్థిరపడింది. ఇంకు మరకల పరీక్ష ఉంది కదా, రోర్షాక్ పరీక్ష, దాని నిపుణురాలిగా పేరు తెచ్చుకుంది.

దీన్నిబట్టి బ్లూమాని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఆమె జీవితం అసలు వేరే దారి పట్టింది. అదే 1931లో మాస్కో వెళ్ళిపోయి, అక్కడి పేరున్న సైకాలజిస్టు విగోట్‌స్కీ దగ్గర పనిచేసింది. 1940లో ఆమె భర్తని గూఢచారి అన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు, ఆయన మళ్ళీ రాలేదు. ఇద్దరు పిల్లలతో, యుద్ధం రోజుల్లో యూరల్ ప్రాంతపు సైనిక ఆసుపత్రిలో తలకి దెబ్బ తగిలిన సైనికులకి మాట, జ్ఞాపకం తిరిగి నేర్పే పని చేసింది. తర్వాత మానసిక రోగుల ఆలోచనా తీరు మీద ఒక శాఖనే నిలబెట్టి మాస్కో స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. 1983లో లెవిన్ పేరు మీద ఇచ్చే అవార్డు ఆమెకి వచ్చింది. 1988లో పోయింది. రష్యాలో ఆమె విద్యార్థులకి ఆమె పేరు చెబితే గుర్తొచ్చేది ఈ ఆసుపత్రి పని. మిగతా ప్రపంచానికి మాత్రం పాతికేళ్ళ వయసులో చేసిన మట్టిబొమ్మల ప్రయోగం.

ఇంతకీ పనికొచ్చే మాట ఏదైనా ఉందా అంటే, ఒకటి ఉంది. ఆగిన పని లోపల గీకుతుంటే దాన్ని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఒక ప్లాను రాసుకున్నా ఆ గోల తగ్గుతుందని 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చూపించారు. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 57 మందిని ల్యాబ్‌లో పడుకోబెట్టి, పడుకునేముందు ఐదు నిమిషాలు కొందరిచేత రేపు చెయ్యాల్సిన పనులు, కొందరిచేత అయిపోయిన పనులు రాయించారు. రేపటివి రాసినవాళ్ళు సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. నేను నెల రోజుల నుంచి రాస్తున్నాను. తొమ్మిది నిమిషాల సంగతి తెలీదు కానీ, కరెంటు బిల్లు మాత్రం టైముకి కడుతున్నాను.

మళ్ళీ బాబాయ్ దగ్గరికి. పెసరట్టు సంగతి చెప్పేశాక ఊరుకోకుండా, నా వెనక టేబుల్లో కూర్చుని వెళ్ళిపోయిన నలుగురి సంగతి కూడా అడిగాను. ఆయన జవాబు చెప్పే ముందు నా వైపు చూడలేదు, ఖాళీగా ఉన్న ఆ కుర్చీల వైపు చూశాడు. గోడ పక్క కుర్చీని చూస్తూ "ఇక్కడ పూరీ", ఫ్యాను కింది దాన్ని చూస్తూ "ఇక్కడ ఇడ్లీ, ఆయనే కాఫీ" అని ఒక్కో కుర్చీనీ చదివినట్టు చెప్పాడు. బిల్లు కట్టి వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, టేబులు తుడిచేశారు కూడా.

అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరీస్ సర్వర్ల మీద 2008లో వచ్చిన ఒక పరిశోధన చదివాక ఇది అర్థమైంది. అక్కడి సర్వర్లూ రాసుకోరు. ఆర్డరిచ్చిన గుంపు వాళ్ళ చోట్లలోనే ఉంటే తప్పు లేకుండా తెచ్చిపెట్టారు. ఆర్డరిచ్చాక గుట్టుగా కుర్చీలు మారి కూర్చుంటే దాదాపు అందరూ తికమకపడ్డారు. వాళ్ళు గుర్తుపెట్టుకునేది మొహాన్ని చోటుతో కలిపి. కట్టిన బిల్లుకీ కట్టని బిల్లుకీ ఇందులో పెద్ద పాత్ర లేదు. బెర్లిన్ సర్వరుకి కూడా నిజంగా గుర్తులేదో, లేక అరగంట తర్వాత వచ్చి పాత బిల్లు అడిగిన ప్రొఫెసరు మీద చిరాకేసి తప్పించుకున్నాడో, ఆయన్ని ఎవరూ రెండోసారి అడగలేదు.

రాత్రి రాసుకున్న లిస్టులో రేపటి పని ఒకటే మిగిలింది. ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని బాబాయ్ హోటల్‌కి వెళ్ళాలి, మూడు రకాలు చెప్పాలి, ఆయన వంటింటి కిటికీ వైపు తిరగ్గానే ముగ్గురం కుర్చీలు మారి కూర్చోవాలి.