రామప్ప గుడి కథ ఫోన్‌లో చెప్పబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

పాలంపేట రామప్ప గుడికి వచ్చేవాళ్లు ఫోన్‌లో వినేలా కథనం తయారు చేస్తామన్నారు. వీడియో జోలికి పోకండి, గొంతు చాలు. గుడి ఎదురుగా ఉండగా తెరమీద బొమ్మ చూపిస్తే, జనం ఆ బొమ్మే చూస్తారు.

మీ మాట వాళ్ల కళ్లకు పని చెప్పాలి. "చూరు కింది మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను చూడండి. గోడలు ఎర్రగా ఉంటే ఇవి నల్లగా ఎందుకున్నాయి?" అని అడిగి, మూడు సెకన్లు ఆగండి. ఆ తర్వాత చెప్పండి: గోడలది ఇసుకరాయి, వీటిది డోలరైట్ అనే నల్లరాయి. నీళ్లలో తేలే ఇటుకల సంగతి మాత్రం జాగ్రత్త. అవి పైన శిఖరంలో ఉన్నాయి, అవి తేలడం కిందివాళ్లకు కనబడదు. తల ఎత్తించి, పైబరువు తగ్గించడానికి వాడారని చెబితే సరిపోతుంది.

1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడన్నది శాసనం మాట. రామప్ప అనేది శిల్పి పేరన్నది జనం మాట. రెండూ చెప్పండి. మొదటిదానికి "శాసనంలో ఉంది" అనండి, రెండోదానికి "అంటారు" అనండి.

ఒక్కో మజిలీకి, అంటే ఆగి వినే చోటుకి, నిమిషంపావు మించొద్దు. చెప్పులు విప్పి తిరిగే చోటు, మిట్టమధ్యాహ్నం బండలు కాలుతాయి. పెద్ద కథలన్నీ నీడలోకి మార్చండి. "కుడివైపు" అని ఊరికే అనొద్దు, "నందికి వీపు పెట్టి నిలబడితే కుడివైపు" అనండి. జీపీఎస్‌ని నమ్ముకోవద్దు. కొన్ని మీటర్ల తేడా వస్తే చాలు, ఒక శిల్పం కథ ఇంకో శిల్పం ముందు మోగుతుంది. మజిలీలకు అంకెలివ్వండి.

రికార్డింగుకు బట్టల బీరువా ఉన్న గది మంచిది, ప్రతిధ్వని రాదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. ఆడియో ఫైలును 64 కేబీపీఎస్ మోనోలో (ఒకే చానెల్‌లో) దాచితే నిమిషానికి 480 కేబీ. ఎనిమిది మజిలీలూ కలిపి 5 ఎంబీ లోపే. సిగ్నల్ దొరకకపోయినా వినేలా, అన్నీ గేటు దగ్గరే ఒకేసారి డౌన్‌లోడ్ అయ్యేట్టు చూడండి.

ఆ డౌన్‌లోడ్‌కు పెట్టే క్యూఆర్ కోడ్ అర మీటరు దూరం నుంచి చదవాలంటే కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ తెల్ల అంచు వదలాలి. మెరిసే లామినేషన్ ఎండకు తళుక్కుమంటే కెమెరా చదవలేదు, మ్యాట్ వేయించండి. రక్షిత కట్టడం మీద స్టిక్కర్ అంటిస్తే నేరం. పురావస్తు శాఖ అనుమతి తీసుకుని, బయట బోర్డు మీదే పెట్టండి.

చివరగా, ఆ గుడి ఎన్నడూ చూడనివాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, నోరు మెదపకుండా వెనకే నడవండి. వాళ్లు తప్పువైపు తిరిగిన చోటల్లా మీ వాక్యం మార్చి, మళ్లీ రికార్డు చేయండి.

ఇట్లు,
మీ తాతయ్య