చారిత్రక పార్కులో క్రీడాపోటీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుర్రాల డెక్కలే పచ్చికను నాశనం చేస్తాయి.

వాస్తవం: 2012 లండన్ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీ పోటీలు గ్రీనిచ్ పార్కులో జరిగాయి. ఇలాంటిచోట భయపడాల్సింది లారీ చక్రాలకు. డెక్క గుంటలో మట్టీ విత్తనమూ కలిపి కూరితే గడ్డి మళ్లీ వస్తుంది. స్టాండ్ల సామాను మోసే బండ్లు ఒకే దారిన తిరిగితే మాత్రం నేల లోలోపల బిగుసుకుపోయి వేళ్లకు గాలీ నీరూ అందవు. చెట్టు ఆ సంగతి కొన్నేళ్లకు గానీ చెప్పదు, పైకొమ్మలు ఎండాక. అందుకే రోజూ పొద్దున్నే పిడికెడు మట్టి నొక్కి చూడాలి. ముద్దకడితే ఆ రోజు బండ్లు బయటే.

అపోహ: బండ్ల దారిలో పలకలు పరిస్తే చాలు.

వాస్తవం: బరువు కొంత పంచుకుంటాయి, అంతే. వెలుతురు లేక కింద గడ్డి కొద్ది రోజుల్లోనే పాలిపోతుంది.

అపోహ: తాత్కాలిక కట్టడమేగా, తవ్వి పూడ్చేయొచ్చు.

వాస్తవం: గ్రీనిచ్ నేలలో రోమన్ కాలపు గుడి ఆనవాళ్లు, ఆంగ్లో-సాక్సన్ సమాధి దిబ్బలు ఉన్నాయి. ఒకసారి చెదిరిన మట్టి పొరలను మళ్లీ పేర్చలేం. అక్కడ ప్రధాన అరీనాను కాళ్లమీద లేపిన వేదికపై కట్టారు. వాలును చదును చేసే పనీ తప్పింది.

గుడారాలను నిలపడానికి మేకులు వద్దని బరువుగా నీళ్ల ట్యాంకులు పెడతారు. 1,000 లీటర్లు నిండితే టన్ను బరువు. చెట్ల వేళ్ల మీద పెడితే మేకులే నయం! నేల నుంచి మీటరున్నర ఎత్తున చెట్టు కాండం అడ్డుకొలత (వ్యాసం) తీసుకుని, దానికి 12 రెట్ల దూరం వరకు చుట్టూ కంచె వేయాలి. 80 సెంటీమీటర్ల కాండమైతే 9.6 మీటర్లు. గ్రీనిచ్‌లోని 1660ల నాటి చెస్ట్‌నట్ల వంటి ముసలి చెట్లకు కనీసం 15 రెట్లు.

అపోహ: చివర్లో ఎరువు చల్లి విత్తితే పచ్చబడుతుంది.

వాస్తవం: పచ్చబడుతుంది, అదే చిక్కు. గ్రీనిచ్‌లోని ఆమ్ల నేల పచ్చిక బీద మట్టిలోనే బతుకుతుంది. ఎరువో సున్నమో పడితే ముతక గడ్డి లేచి, సన్నరకాలను అణగదొక్కేస్తుంది. బయటి మట్టీ తేకూడదు. బిగిసిన నేలకు పోట్లు పొడిచి గుల్లచేయాలి, వేళ్లున్నచోట గాలి పీడనంతో. ఆ తర్వాత అక్కడి రకాల విత్తనమే సెప్టెంబరులో చల్లాలి.

పోటీలయ్యాక కట్టడాలు విప్పే పనికి తొందరపెడతారు. తడి నేల మీద భారమంతా మళ్లీ తిరిగేది అప్పుడే. వాన పడితే ఆగడానికి వీలుగా ఆ రోజుల అద్దె ఎవరిదో ఒప్పందంలో ముందే రాయించుకోండి.