తప్పు ఇంజిన్‌ది కాదు: మోడల్ రైళ్లపై అపోహలు - వాస్తవాలు

'ఆగి ఆగి నడుస్తోందండీ, మోటారు పోయినట్టుంది' అంటూ నా దగ్గరికి తెచ్చే ఇంజిన్లలో చాలావాటికి అసలు ఏ జబ్బూ ఉండదు. తిరగేసి చూస్తే చక్రాల అంచున నల్లటి మడ్డి. తుడిచి పట్టాల మీద పెట్టగానే పరుగు. కొత్తవాళ్లకు ఈ హాబీలో సగం టెన్షన్ ఇలా లేని జబ్బుకు మందు వెతకడంలోనే వస్తుంది.

అపోహ: పట్టాలకు మురికి పడితే సాండ్‌పేపర్‌తో రుద్దేస్తే సరి.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. మూడు మీటర్ల ట్రాక్‌ను ఓపిగ్గా కూర్చుని తళతళలాడేదాకా రుద్దాను. ఆ సాయంత్రం రైలు బ్రహ్మాండంగా నడిచింది. వారం తిరిగేసరికి మునుపటికంటే ఎక్కువ చోట్ల ఆగడం మొదలైంది. భూతద్దం పెట్టి చూస్తే పట్టా పైభాగమంతా సన్నటి గీతలు, ప్రతి గీతలోనూ మడ్డి.

చక్రమూ పట్టా నిజంగా తాకే చోటు చాలా చిన్నది. కరెంటంతా అక్కడి నుంచే ఇంజిన్‌లోకి ఎక్కాలి. చక్రం కాస్త ఎగిరి ఆ తాకిడి తెగినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ పుడుతుంది, లోహం మీద నల్ల పొర కడుతుంది. దుమ్ము, నూనె దానికి తోడవుతాయి. మనం గీసిన గీతలు ఆ మురికి దాక్కోవడానికి చోటిస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి వాడితే జరిగేది ఇదే.

నూలుపోగులు రాలని గుడ్డ, దాని మీద కొంచెం వైట్ స్పిరిట్ చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడేవాళ్లూ ఉన్నారు. ఏది వాడినా కిటికీ తెరిచి, కరెంటు తీసేసి తుడవండి, పూర్తిగా ఆరాకే స్విచ్ వేయండి. రెండూ మండే గుణం ఉన్నవే. చక్రాలకైతే తడి గుడ్డను పట్టాల మీద అడ్డంగా పరిచి, ఇంజిన్ ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు ఉత్త పట్టా మీద ఉండేలా చేత్తో పట్టుకోండి. ఇక్కడ మాత్రం కరెంటు ఉండాల్సిందే కాబట్టి గుడ్డను వైట్ స్పిరిట్‌తో కాకుండా, మంట అంటుకోని ట్రాక్ క్లీనర్‌తో తడపండి. చక్రాలు తిరుగుతూ గుడ్డ మీద రెండు నల్లటి చారలు గీస్తాయి. తర్వాత ఇంజిన్‌ను అటు తిప్పి పెట్టండి. ఆ చారలు చూసినవాళ్లెవరూ మళ్లీ మోటారును తిట్టరు.

అన్నట్టు, నికెల్ సిల్వర్ పట్టాల్లో వెండి ఉంటుందనుకోకండి. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. పేరులో తప్ప వెండి ఎక్కడా లేదు.

అపోహ: డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే రైళ్లను డిజిటల్ ఆదేశాలతో నడిపే పద్ధతి) పెట్టుకుంటే రెండు తీగలు చాలు.

పాత డీసీ పద్ధతిలో పట్టాల్లోని వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్, మైనస్ మారిస్తే దిశ మారుతుంది. ఒకే ట్రాక్ మీద రెండు ఇంజిన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి కరెంటు ఉంటుంది. దానితోపాటే డిజిటల్ ఆదేశాలు వెళ్తాయి. ప్రతి ఇంజిన్‌లో ఆ ఆదేశాలు చదివే చిన్న సర్క్యూట్, డీకోడర్, ఉంటుంది, దానికి ఓ నంబరు ఉంటుంది, తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే అది పాటిస్తుంది. ఇంతవరకూ నిజమే. బల్ల మీద చిన్న గుండ్రటి ట్రాక్‌కు రెండు తీగలు సరిపోతాయి కూడా.

లేఅవుట్, అంటే మనం పరిచిన ట్రాక్ మొత్తం, పెరిగాక కథ మారుతుంది. పట్టాలను కలిపే జాయినర్లు ఉన్నవి పట్టాలను వరసలో నిలబెట్టడానికే. కరెంటు మోసే పని వాటికి అప్పగిస్తే, కొన్నాళ్లకు వదులై, మసకబారి మొరాయిస్తాయి. అందుకే బల్ల కింద మందపాటి తీగల జత ఒకటి లాగి, మీటరు, రెండు మీటర్లకోసారి అక్కడి నుంచి సన్న తీగలు పైకి తెచ్చి పట్టాలకు సోల్డర్ చేస్తాం. డీసీ లేఅవుట్‌కైనా ఇది మేలే.

డీసీసీ లేఅవుట్‌లో వైరింగ్ సరిగ్గా ఉందో లేదో తేల్చేది నాణెం. ట్రాక్ చివరి మూల దాకా ఒక్కో చోటా రెండు పట్టాలూ కలిసి షార్ట్ అయ్యేలా అడ్డంగా నాణెం పెట్టండి. కంట్రోల్ పెట్టె వెంటనే కరెంటు కట్ చేయాలి. ఎక్కడైనా కట్ చేయకపోతే అక్కడికి వెళ్లే దారిలో నిరోధం ఎక్కువున్నట్టే. రైలు పట్టాలు తప్పి షార్ట్ అయిన రోజున అక్కడే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇంకో చిక్కు, రైలు వెనక్కి తిరిగి వచ్చిన ట్రాక్‌నే కలిసే లూప్. అక్కడ ఎడమ పట్టా కుడి పట్టాకు తగిలి షార్ట్ అవుతుంది. ఈ బాధ డీసీలోనూ, డీసీసీలోనూ ఉంటుంది. మధ్యలో మూడో కాంటాక్ట్ ఉండే మెర్క్లిన్ అనే జర్మన్ కంపెనీ ట్రాక్‌కు మాత్రం ఉండదు.

అపోహ: హెచ్‌వో, ఓవో రెండూ ఒకటే.

ఇవి మోడల్ రైళ్ల సైజుల పేర్లు, ఓవో బ్రిటన్‌ది. పట్టాల మధ్య దూరం రెండింటికీ 16.5 మిల్లీమీటర్లే. రైలు పరిమాణం వేరు. హెచ్‌వో 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు. ఓవో 1:76. అసలు రైళ్ల ప్రామాణిక గేజ్ (పట్టాల మధ్య దూరం) 1435 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 16.5 వస్తుంది. 1:76 లెక్కన 18.8 దాకా రావాలి. అంటే ఓవో రైలు ఉండాల్సిన దానికంటే ఇరుకు పట్టాల మీద పోతోందన్నమాట. బ్రిటన్ రైళ్లు చిన్నవి, ఆనాటి మోటార్లు వాటిలో పట్టక బాడీని పెద్దది చేశారు. రెండూ ఒకే ట్రాక్ మీద నడుస్తాయి కానీ పక్కపక్కన నిలబెడితే కంటికి నప్పవు.

అపోహ: పెద్ద గది లేకపోతే ఈ సరదా జోలికి పోకూడదు.

నిజమైన కిలోమీటరు హెచ్‌వోలో 11.5 మీటర్లు. అంత పొడవు ఎవరూ కట్టరు, అందరూ కుదించుకునేదే. నాకైతే గుండ్రంగా తిరిగే పెద్ద లేఅవుట్ కంటే అలన్ రైట్ అనే మోడలర్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే వ్యాగన్లు సర్దే పజిల్ ఎక్కువ ఇష్టం. మూడు లైన్లు, వాటిలో వరసగా అయిదు, మూడు, మూడు వ్యాగన్లకు చోటు. ఎనిమిది వ్యాగన్లుంటాయి, చీటీలు తీసి, వాటిలో వచ్చిన అయిదింటిని వచ్చిన వరసలోనే నిలబెట్టాలి. 6720 రకాలుగా రావచ్చు. హెచ్‌వోలో ఒకటిన్నర మీటరు బల్ల చాలు. పిల్లల ఆట అనేవాళ్లను దీని ముందు కూర్చోబెట్టండి, టీవీ ఊసెత్తరు.

వేగం గురించి కూడా ఓ మాట. గంటకు 100 కిలోమీటర్లంటే హెచ్‌వోలో సెకనుకు 32 సెంటీమీటర్లే. గడియారం పెట్టుకుని చూస్తే మనం ఎంత తొందరపడుతున్నామో తెలుస్తుంది.

అపోహ: పాతదైతే చాలు, విలువ పెరుగుతుంది.

పెట్టె, అసలు రంగు చెక్కుచెదరకుండా ఉన్నవాటి మాట వేరు. నేను ముచ్చటపడి ఓ పాత ఇంజిన్‌కు కొత్త రంగేశాను. పాత మోడళ్లు సేకరించే ఒకాయన దాన్ని చూసి ముఖం చిట్లించుకుని పక్కన పెట్టేశాడు. రంగుకంటే పెద్ద గండం జింక్ పెస్ట్. పాత జింక్ పోతల్లో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోలోపల ఉబ్బి, పగిలి, పొడిగా రాలుతుంది. మేడిపండు లాంటి వ్యవహారం. కొనేముందు చాసిస్ వంగిందా, సన్నటి బీటలున్నాయా చూడండి. దీనికి మందు లేదు. పక్కనున్న బొమ్మకు అంటుకుంటుందన్న భయం మాత్రం వద్దు, అంటుకోదు.

అపోహ: నూనె ఎంత వేస్తే అంత సాఫీగా నడుస్తుంది.

ఎక్కువైన నూనె చక్రాల మీదికి, అక్కడి నుంచి పట్టాల మీదికి పాకుతుంది. మళ్లీ మొదటి మడ్డి దగ్గరికే వస్తాం. ప్లాస్టిక్‌ను తినని నూనెను సూదిమొనతో ఇరుసు దగ్గర తాకించండి. తర్వాత ఇంజిన్‌ను ఓ రాత్రి తెల్ల కాగితం మీద ఉంచండి. పొద్దున కాగితం మీద మరక కనబడిందంటే వేసింది ఎక్కువే.