కాలేయంలో కొవ్వు: గ్రేడు నుంచి అంకెకు

పర్లాకిమిడిలో పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని కడుపు స్కానింగ్ తీయించుకున్న వారి రిపోర్టులో, అడగకుండానే ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. అదే మనిషి కొన్ని నెలల తరువాత బరంపురంలోనో, సరిహద్దు దాటి శ్రీకాకుళంలోనో మళ్లీ తీయించుకుంటే అది గ్రేడ్ 2 కావచ్చు, కొవ్వే లేదనీ రావచ్చు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినా కొవ్వు పెరిగిందో తగ్గిందో తేలదు. ఎందుకంటే గ్రేడు కొలత కాదు. పక్కనున్న కుడి మూత్రపిండంతో పోలిస్తే కాలేయం ఎంత తెల్లగా ఉందో, లోపలి రక్తనాళాల అంచులు ఎంత మసకబారాయో చూసి డాక్టరు వేసే అంచనా. యంత్రం అమరికను బట్టి, రోగి ఒళ్లును బట్టి, చూసే కంటిని బట్టి అది మారుతుంది. పైగా కాలేయ కణాల్లో 5 శాతానికి కొవ్వు పట్టినా వ్యాధిగానే లెక్క. 20 శాతం లోపు కొవ్వును మామూలు స్కాన్ తరచుగా పట్టుకోలేదు.

కొవ్వును గ్రేడుగా కాక అంకెగా చెప్పే స్కానింగ్ పద్ధతి క్వాంటిటేటివ్ అల్ట్రాసౌండ్. అది బొమ్మను వదిలి, బొమ్మగా మారకముందే ప్రోబుకు, అంటే ఒంటికి ఆనించే పరికరానికి, తిరిగివచ్చే ముడి ధ్వని సంకేతాన్ని లెక్కగడుతుంది. కొవ్వు బిందువులు ధ్వనిని ఎక్కువగా వెనక్కి చెదరగొడతాయి, లోతుకు పోయేకొద్దీ దాని బలాన్ని త్వరగా హరిస్తాయి, వేగాన్నీ తగ్గిస్తాయి. మామూలు యంత్రం శరీరమంతటా ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లేనని అనుకొని బొమ్మ గీస్తుంది. కొవ్వులో అది సుమారు 1450 మాత్రమే. చెదిరిన ధ్వనిని కొలిచేటప్పుడు, లక్షణాలు ముందే తెలిసిన ఒక నమూనా దిమ్మెను అదే ప్రోబుతో, అదే అమరికలతో స్కాన్ చేసి, ఆ సంకేతంతో కాలేయపు సంకేతాన్ని పోలుస్తారు. అలా యంత్రం వల్ల వచ్చే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ పద్ధతిలోని అసలు తెలివి ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కాలేయాన్ని ధ్వనితో పరీక్షించే ఫైబ్రోస్కాన్ యంత్రం ఇచ్చే క్యాప్ (CAP) విలువ ధ్వని క్షీణతను, అంటే లోతుకు పోయేకొద్దీ ధ్వని బలం తగ్గడాన్ని, కొలిచేదే. అది మీటరుకు 100 నుంచి 400 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. అయితే వేర్వేరు కంపెనీల యంత్రాలు వేర్వేరు సూత్రాలతో లెక్కిస్తాయి కనుక, ఒక ఊరి అంకెను మరో ఊరి అంకెతో పోల్చేముందు యంత్రం పేరు, యూనిట్లు రెండూ చూడాలి. రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకుండా ఉండాలి.

కొవ్వు అంకె ఎక్కువగా ఉన్నంత మాత్రాన కాలేయం చెడినట్టు కాదు. అసలు ప్రమాదాన్ని చెప్పేది ఫైబ్రోసిస్, అంటే కాలేయం మచ్చకట్టి గట్టిపడటం. ఆ గట్టిదనాన్నీ ఫైబ్రోస్కాన్ అదే పరీక్షలో కొలుస్తుంది. అది 8 కిలోపాస్కల్స్ కంటే తక్కువగా ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం బాగా తక్కువ.